పేరుకునేది

సంతపేటలో మెట్ల కింద గది, నా కొట్టు.
పెళ్ళి పత్రికలు, దినం కార్డులు, ఓటరు స్లిప్పులు,
ఈమధ్య ఎక్కువగా ఈ చిన్న పట్టికలు:
వంద గ్రాములకు ఇంత, ఒక వడ్డనకు ఇంత,
రోజుకు సరిపడే దాంట్లో ఇంత శాతం.

మురకంబట్టు దారిలో దేశమ్మ నిప్పట్లు చేస్తుంది.
పోయిన నెల దాకా తెల్ల కవరు, దారం ముడి, అంతే.
ఇప్పుడు పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరొచ్చింది,
తిరుపతి ల్యాబు నుంచి నాలుగు మడతల కాగితమొచ్చింది.
విప్పితే కరివేపాకు వాసన,
కాగితానిదో ఆమె చేతులదో.

మొత్తం కొవ్వు ముప్ఫై మూడు.
అందులో సంతృప్త కొవ్వు పద్నాలుగున్నర.

"సంతృప్త అంటే?"
"తృప్తి పడిందని."
"కొవ్వుకేం తృప్తి నాయనా,
చేసేదాన్ని, నాకే లేకపాయె!"

ఇంటర్‌లో మిగిలిన కెమిస్ట్రీ అంతా ఊడ్చి
స్క్రీను మీద గీసి చూపించాను.
ఇదిగో కర్బనాల గొలుసు, ఒక్కోదానికి నాలుగు చేతులు.
ఖాళీ చెయ్యి లేదు,
పక్కవాణ్ణి రెండు చేతులా పట్టుకున్నదీ లేదు.
ఇంకేం పుచ్చుకోదు, అందుకని ఆ పేరు.
వంకర లేదు గనక ఒకదాన్నొకటి ఆనుకుని
సంతనాటి బస్సులో జనంలా బిగిసి నిలబడుతుంది.

చాలాసేపు చూసింది దేశమ్మ.
"చలికాలం తెల్లారి డబ్బా మూత తీస్తే
గరిటె దిగదు చూడు, తెల్లగా పేరుకోని ఉంటాది.
అదేనా?"

అదే.

"శెనిక్కాయ నూనె అట్ల చేసేది కాదప్పా.
పామాయిల్‌కి మారినాకే
డబ్బాను ఎండలో పెట్టేది నేర్చుకున్నా."

రూళ్ళలో ఒక మనిషి ఉన్నాడు,
రోజుకు రెండువేల కేలరీల మనిషి.
సంతృప్తం ఆయనకు ఇరవై రెండు గ్రాముల దాకా చెల్లు.
శాతాలన్నీ ఆయన కంచం నుంచే లెక్క.
ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను,
గాంధీరోడ్డులో ఎక్కడా ఎదురుపడలేదు.

రెండు నిప్పట్లు, ముప్ఫై గ్రాములు: ఇరవై శాతం.
"రెండు తిని లేచేవాళ్ళు ఎవురబ్బా?" అని నవ్వి,
గొంతు తగ్గించి,
"ఒకటే అని రాస్తే పదే గదా?"
రాయొచ్చు. తుంచిన ముక్కనైనా వడ్డన అనొచ్చు.
పక్కనే వంద గ్రాముల గడి ఉంటుంది,
పక్కింటి ముసలమ్మలా అన్నీ చూస్తూ.
"పోనీ, అక్షరం చిన్నది చెయ్."
ఇప్పటికే చీమ తలకాయంత, ఇంతకు దిగితే రూలు ఒప్పుకోదు.

"అంతా ఇంగ్లీషే ఉండాదే?"
ఇంగ్లీషో హిందీయో ఉంటే చాలు. తెలుగు మన ఇష్టం.
"మన ఇష్టమైతే పెట్టు మరి.
ఆ సంతృప్త మాత్రం వద్దు, శుభలేఖలో మాటలా ఉంది,
ఎవురూ వెనక్కి తగ్గరు.
పేరుకునే కొవ్వు అని వెయ్."

వేయొచ్చో లేదో నాకు తెలియదు.
నేను చూసిన ఏ షెడ్యూల్లోనూ ఆ మాట లేదు.
ఇంగ్లీషు వరుస ముట్టుకోకుండా
కింద దొరికిన జానెడు చోట, కాదు, గోరంత చోట, వేశాను.

ప్రూఫు తీసిచ్చాను.
శాంపిలుకు తెచ్చిన నిప్పట్టు విరిచి నా చేతిలో పెట్టి
ఆ చేత్తోనే కాగితం పట్టుకుంది.
బొటనవేలు ఆనిన చోట కాగితం తేటబడింది,
లైటుకు ఎత్తితే అంకెల్లోంచి
ఫ్యాను తిరగడం కనిపించింది.

కరకరలాడింది నిప్పట్టు. ఇంకోటి అడిగాను.
మూడోది నోట్లో ఉండగా అడిగాను,
ఐదువేలు వెయ్యనా?

చెప్పులు తొడుక్కుంటూ ఆగింది.
"గానుగ కాడికి పోయి
శెనిక్కాయ నూనె రేటు కనుక్కోనొస్తా.
అంతదాకా ఆపు నాయనా.
రేటు చూసినాక మళ్ళీ ఇదే వెయ్ అంటానేమో,
అయినా ఆపు."

ఫైలు దాచాను.
పేరు అడిగింది కంప్యూటరు.
దేశమ్మ, ఫైనల్ కాదు, అని కొట్టి
వేళ్ళు ప్యాంటుకు తుడుచుకున్నాను.